‘ఎక్స్ అంటే అసలు ఎంత?’ అని అమ్మాయి అడిగితే ఏం చెప్పాలి?

ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురికి రోజూ సాయంత్రం దగ్గర కూర్చుని లెక్కలు చెప్పే ఒక తల్లి మాకు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వెల్లడించవద్దని కోరారు. ఆవిడ ఒక సంస్థలో జమాఖర్చులు చూసే ఉద్యోగం చేస్తున్నారు. శాతాలు, వడ్డీలు, సగటులు కాగితం లేకుండానే చేసేయగలరు. అయితే చదువుకునే రోజుల్లో అంకెల మధ్యకు అక్షరాలు వచ్చిన దగ్గర నుంచి లెక్కలంటే బెదురు పుట్టిందని, సూత్రాలు బట్టీపట్టి గట్టెక్కానే తప్ప ఒక్క మెట్టు కూడా అర్థమై ఎక్కలేదని రాశారు. ఆ బెదురు కూతురికి రాకూడదన్న పట్టుదలతోనే చదువు చెప్పే బాధ్యత తానే తీసుకున్నారట.

ఒకరోజు అమ్మాయి నోటుపుస్తకంలో ఒకే పేజీ మీద నాలుగు లెక్కలు వచ్చాయి. మొదటిది 3ఎక్స్ + 5 = 20, జవాబు 5. రెండోది 2ఎక్స్ − 4 = 10, జవాబు 7. మూడోది 2(ఎక్స్ + 3) = 2ఎక్స్ + 6 అని చూపించమనే లెక్క, దానికి జవాబుగా ఏ అంకే రాలేదు. నాలుగోది వై = 2ఎక్స్ + 1కు పట్టిక వేసి గ్రాఫు గీయమన్నది. అందులో ఎక్స్‌కు 0, 1, 2, 3 వరసగా వేసుకోమని తల్లి చెప్పారు. అప్పుడు అమ్మాయి, “పైన ఎక్స్ 5 అన్నావు, దాని కింద 7 అన్నావు, ఇక్కడేమో నాకు ఇష్టమొచ్చినవి వేసుకోమంటున్నావు. అసలు ఎక్స్ అంటే ఎంతమ్మా?” అని అడిగింది. “ఎక్స్ అంటే తెలియని సంఖ్య” అని ఈవిడ చెప్పారు. “తెలియకపోతే మనమే 0, 1, 2 అని ఎలా వేస్తున్నాం?” అని అమ్మాయి మళ్లీ అడిగింది. ఏం చెప్పాలో తోచక, చెప్పినట్టు చెయ్యమని ఈవిడ గట్టిగా కసిరారు. ఆ రోజు నుంచి అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకుని వేరే గదిలోకి వెళ్లిపోతోంది. తల్లి దగ్గరకు వస్తే పుస్తకం మూసేస్తోంది. మార్కులూ తగ్గాయి.

అంతకుముందు ‘పి అంటే పెన్నులు, బి అంటే బంతులు, 3పి + 2బి అంటే మూడు పెన్నులు, రెండు బంతులు’ అని తాను నేర్పానని, పి, బిల లబ్ధం వచ్చినప్పుడు పెన్నును బంతితో ఎలా గుణిస్తామని కూతురు అడిగిందని కూడా రాశారు. లెక్కల్లో చురుకైన ఆవిడ భర్త మాత్రం, ‘అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది, అంతే, మిగతాదంతా అనవసరం’ అంటున్నారట. తాను నేర్పడం మానేసి వేరే ఎవరికైనా అప్పగించాలా, పరీక్షలు అయ్యేదాకా భర్త చెప్పిన పద్ధతిలో వెళ్లనివ్వాలా, తనకే సరిగా అర్థం కాలేదన్న సంగతి కూతురికి చెప్పాలా, చెబితే తన మీద గౌరవం పోతుందా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

సమాధానం:

మీ అమ్మాయి అడిగిన రెండు ప్రశ్నలూ సరైనవి. చదువులో వెనకబడిన పిల్లలు అడిగే ప్రశ్నలు కావవి, పేజీని నిజంగా చదివిన పిల్లలు అడిగే ప్రశ్నలు. ఆ పేజీలో ఒకే అక్షరం నాలుగు చోట్ల కనబడుతున్నా, అన్నిచోట్లా ఒకే పని చేయడం లేదు. ఆ తేడాను చాలా పాఠ్యపుస్తకాలు పైకి చెప్పకుండా దాటేస్తాయి. మీకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీరూ చెప్పలేకపోయారు. కాబట్టి ముందుగా ఆ నాలుగు లెక్కలనే విడదీసి చూద్దాం. ఆ తరువాత మీ ప్రశ్నలకు వస్తాను. ఈ పేజీ మీకు తేటపడితే వాటిలో సగం వాటంతట అవే తేలికపడతాయని నా నమ్మకం.

3ఎక్స్ + 5 = 20 అన్నచోట ఎక్స్ నిజంగానే తెలియని సంఖ్య. అది ఒకే ఒక్క సంఖ్య, దాన్ని కనుక్కోవడమే మన పని. 5 కాక మరే సంఖ్యను ఆ స్థానంలో పెట్టినా వాక్యం అబద్ధమవుతుంది. 4 పెడితే ఎడమవైపు 17 వస్తుంది, 6 పెడితే 23 వస్తుంది. రెండో లెక్కలోనూ ఎక్స్ ఇదే రకం, కాని అది వేరే కథ. మొదటి లెక్క ముగియగానే అక్కడి ఎక్స్ పని ముగిసింది. మనం మాట్లాడేటప్పుడు ‘అతను’ అన్న మాటను ఎలా వాడతామో ఇదీ అంతే: ఒక సంభాషణలో ‘అతను’ అంటే ఒక మనిషి, వేరే సంభాషణలో మరో మనిషి, కాని ఒకే వాక్యంలో చెప్పాపెట్టకుండా మనిషిని మార్చేస్తే వినేవాళ్లకు అయోమయమే. ఒకే సమీకరణంలో ఎక్స్ రెండుసార్లు వచ్చినా మూడుసార్లు వచ్చినా అన్నిచోట్లా ఒకే సంఖ్య అన్న నియమం అక్కడిదే. ఒక ఎక్స్‌కు 5, పక్క ఎక్స్‌కు 7 వేయడానికి వీల్లేదు.

మూడో లెక్కలో, అంటే 2(ఎక్స్ + 3) = 2ఎక్స్ + 6 అన్నచోట, కనుక్కోవాల్సింది ఏమీ లేదు. ఎక్స్ 10 అయితే రెండు వైపులా 26, సున్నా అయితే రెండు వైపులా 6, −3 అయితే రెండు వైపులా సున్నా. ఏ సంఖ్య తీసుకున్నా ఈ మాట నిజమేనని చెప్పడానికే ఇక్కడ అక్షరాన్ని వాడారు. దీన్ని సర్వసమీకరణం అంటారు. ఇక్కడ ఎక్స్ తెలియని సంఖ్య కాదు, ‘ఏ సంఖ్యైనా సరే’ అన్నదానికి గుర్తు. ‘తెలియని సంఖ్య’ అన్న మీ జవాబు మొదటి రెండు లెక్కలకూ అతికినట్టు సరిపోయి, మూడోదాని దగ్గర ఆగిపోయింది.

నాలుగోది మరో రకం. వై = 2ఎక్స్ + 1లో ఎక్స్, వై రెండూ మారే రాశులు, కాని విడివిడిగా తమ ఇష్టానుసారం మారవు. ఎక్స్‌కు మనం ఒక విలువ ఇస్తే వైకి మిగిలేది ఒకటే విలువ. ఎక్స్ 0 అయితే వై 1, ఎక్స్ 1 అయితే వై 3, 2 అయితే 5, 3 అయితే 7. ఇక్కడ అక్షరాలు చెబుతున్నది ఒక సంఖ్య గురించి కాదు, రెండు రాశుల మధ్య ఉన్న సంబంధం గురించి. ‘తెలియకపోతే మనమే ఎలా వేస్తున్నాం’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే: ఈ లెక్కలో ఎక్స్ తెలియనిది కాదు, మారేది. ఎంచుకునే స్వేచ్ఛ మనది, ఎంచుకున్నాక వై విలువ మన చేతిలో ఉండదు. చలరాశి అన్న పేరు దీనికే పూర్తిగా తగినది.

పిల్లలు అక్షరాలను ఇలా రకరకాలుగా అర్థం చేసుకోవడం మీ ఇంట్లో మాత్రమే జరిగినది కాదు. ఇంగ్లండులో పిల్లల గణిత జ్ఞానం మీద జరిగిన ఒక పెద్ద పరిశీలనలో భాగంగా డీట్మార్ కూచెమాన్ అనే పరిశోధకుడు పిల్లలు అక్షరాన్ని చూసే తీరులను ఆరుగా విడదీసి చెప్పారు. ఆ ఫలితాలు 1981లో పుస్తకరూపంలో వచ్చాయి. అక్షరాన్ని పట్టించుకోకపోవడం, చూడగానే దానికి ఏదో ఒక విలువ ఇచ్చేయడం, దాన్ని వస్తువు పేరుగా తీసుకోవడం, ఒక నిర్దిష్టమైన తెలియని సంఖ్యగా తీసుకోవడం, ఏ సంఖ్యైనా కావచ్చునని తీసుకోవడం, చివరగా నిజమైన చలరాశిగా చూడడం అన్నవి ఆ ఆరు. ఆయన పిల్లలను అడిగిన ఒక ప్రశ్న మీకు బాగా పనికొస్తుంది. ఎల్ + ఎమ్ + ఎన్ = ఎల్ + పి + ఎన్ అన్నది ఎప్పుడూ నిజమా, ఎప్పుడైనా నిజమా, ఎప్పటికీ నిజం కాదా? అక్షరాలు వేరైతే సంఖ్యలూ వేరే అయి తీరాలనుకునే పిల్లలు ‘ఎప్పటికీ కాదు’ అంటారు. ఎమ్, పి రెండింటికీ ఒకే విలువ ఉన్నప్పుడు అది నిజమే. ఎక్స్ + వై = 10 అన్నచోట ఎక్స్, వై రెండూ 5 కావచ్చునని చెబితే నమ్మలేని పెద్దవాళ్లు కూడా ఉంటారు. మీరు కూడా ముందు మీ జవాబు రాసుకుని చూడండి.

ఇక పెన్నులు, బంతుల విషయం. ఆ పద్ధతి 3పి + 2బిని 5పిబి అని కలిపేయకుండా ఆపుతుంది కాబట్టి ఉపాధ్యాయులు కూడా దాన్ని ఇష్టంగా వాడతారు. కాని అది అక్షరాన్ని సంఖ్య స్థానం నుంచి తప్పించి వస్తువు స్థానంలో కూర్చోబెడుతుంది. దాని ఫలితం పి, బిల లబ్ధం దగ్గర మీ అమ్మాయికి అప్పుడే కనబడింది, ఇంకా పెద్ద ఫలితం పదసమస్యల్లో కనబడుతుంది. అమెరికాలో 1980 ప్రాంతంలో క్లెమెంట్, లాక్‌హెడ్, మంక్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఒక చిన్న వాక్యం ఇచ్చారు: ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ల కంటే విద్యార్థులు ఆరు రెట్లు ఉన్నారు, విద్యార్థుల సంఖ్య ఎస్, ప్రొఫెసర్ల సంఖ్య పి అనుకుని సమీకరణం రాయండి. వారిలో 37 శాతం మంది తప్పు రాశారు. తప్పు రాసినవారిలో ఎక్కువమంది 6ఎస్ = పి అని రాశారు. ‘ఆరుగురు విద్యార్థులకు ఒక ప్రొఫెసరు’ అని మనసులో చదువుకుంటూ ఎస్‌ను విద్యార్థిగా, పిని ప్రొఫెసరుగా తీసుకోవడం వల్ల వచ్చే తప్పు అది. 60 మంది విద్యార్థులు, 10 మంది ప్రొఫెసర్లు ఉన్నారనుకుని ఆ సమీకరణంలో పెట్టి చూస్తే 360 = 10 అని వస్తుంది. సరైనది ఎస్ = 6పి. కాబట్టి మీ ఇంట్లో ‘పి అంటే పెన్నులు’ అన్న మాటను ఈరోజు నుంచే ‘పి అంటే పెన్నుల సంఖ్య’ అనో ‘పి అంటే ఒక పెన్ను ఖరీదు’ అనో మార్చండి. ఆ ఒక్క మాట చేర్చితే, ఒక బంతి ఖరీదును కొన్న బంతుల సంఖ్యతో గుణించడంలో వింతేమీ ఉండదు. ఈసారి పి ఒక బంతి ఖరీదు, బి బంతుల సంఖ్య అనుకుంటే పిబి అన్నది మొత్తం ఖర్చు. జమాఖర్చులు రాసే మీకు ఇది రోజూ చేసే పనే.

నిజానికి అక్షరాల అవసరం మనుషులకు చాలా ఆలస్యంగా తట్టింది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ సమీకరణాలను సాధించే పద్ధతులన్నీ మాటల్లోనే రాశారు, తెలియని రాశిని ‘వస్తువు’ అనో ‘మూలం’ అనో పిలిచారు. భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో మొదటి అవ్యక్తరాశిని, అంటే తెలియని రాశిని, యావత్తావత్ అని, ఆ తరువాతి వాటిని కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లతో పిలిచి, లెక్కలో యా, కా, నీ అని మొదటి అక్షరాలే రాశారు. తెలిసిన సంఖ్య ముందు రూ అని గుర్తు పెట్టేవారు. తెలియనివాటికే కాక తెలిసినవాటికి కూడా అక్షరాలు వాడి, ఒక లెక్క బదులు ఒక జాతి లెక్కలన్నిటినీ ఒకేసారి రాయవచ్చునని 1591లో ఫ్రాన్సువా వియెత్ చూపించారు. ఆయన తెలియనివాటికి అచ్చులు, తెలిసినవాటికి హల్లులు వాడారు. ఈరోజు మనం వాడుతున్న ఆచారం, అంటే తెలిసినవాటికి వర్ణమాల మొదట్లోని ఎ, బి, సిలు, తెలియనివాటికి చివర్లోని ఎక్స్, వై, జెడ్‌లు, 1637లో రెనే డెకార్త్ జ్యామితి మీద రాసిన గ్రంథం నుంచి వచ్చింది. ఎక్స్ అన్నది ఆచారమే తప్ప మంత్రాక్షరం కాదని మీ అమ్మాయికి తెలియాలి. 3ఎక్స్ + 5 = 20ని 3కె + 5 = 20 అని రాసుకున్నా జవాబు అదే. ఆమెకు నచ్చిన అక్షరంతో రాయమని ఒకసారి చెప్పి చూడండి.

గ్రాఫు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చిక్కు అక్కడే ముదురుతుంది, తీరేదీ అక్కడే. (3, 7) అని రాస్తే అది క్రమయుగ్మం. మూలబిందువు నుంచి కుడివైపు 3, అక్కడి నుంచి పైకి 7 వెళితే చేరే చోటు. (7, 3) వేరే చోటు. బ్రాకెట్లో ఎవరు ముందో ఎవరు వెనకో అన్నదానికి ఇక్కడ అర్థం ఉంది. ఎక్స్‌వై అని కలిపి రాస్తే గుణకారం, (ఎక్స్, వై) అని మధ్యలో కామా పెడితే ఒక బిందువు స్థానం. పైగా గ్రాఫు మీద పి(3, 7) అని రాసినప్పుడు ఆ పి అసలు సంఖ్య కాదు, ఆ బిందువుకు పెట్టిన పేరు. నిన్నటిదాకా పి అంటే సంఖ్య అని నేర్చుకున్న పిల్లకు ఇది చెప్పకపోతే, పి విలువ ఎంతో కనుక్కోవాలేమోనని వెతుకుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేయించండి. ఎక్స్ = 3 అన్నదాన్ని ముందు సంఖ్యారేఖ మీద గుర్తించమనండి. ఒక చుక్క పెడుతుంది. అదే ఎక్స్ = 3ను గ్రాఫు కాగితం మీద గుర్తించమనండి. చాలామంది పిల్లలు అక్కడా ఎక్స్-అక్షం మీద ఒక చుక్క పెట్టి ఊరుకుంటారు. అప్పుడు (3, 0)లో ఎక్స్ 3 అవునా, (3, 4)లో అవునా, (3, −2)లో అవునా అని ఒక్కొక్కటే అడిగి చుక్కలు పెట్టించండి. చుక్కలన్నీ ఒకదాని పైన ఒకటి నిలువుగా పేరుకుంటాయి. ఎక్స్ 3 దగ్గర ఆగిపోయినా వైని ఎవరూ ఆపలేదు కాబట్టి అక్కడ చుక్క కాస్తా నిలువు గీత అయింది. సంఖ్యారేఖ మీద ఒక బిందువును చెప్పిన మాటే తలం మీద ఒక గీతను చెబుతోందంటే, అక్షరం ఏమిటన్నది ఆ అక్షరాన్ని చూస్తే తెలియదు, ఏ సందర్భంలో ఉందో చూడాలి. ఈ సంగతి నోటితో ఎంత చెప్పినా అందదు, ఆ చుక్కలు తన చేత్తో పెట్టినప్పుడు అందుతుంది.

ఆ తరువాత వై = 2ఎక్స్ + 1 గీతను, వై = 10 − ఎక్స్ గీతను ఒకే కాగితం మీద గీయించండి. విడివిడిగా చూస్తే రెండింటిలోనూ ఎక్స్ స్వేచ్ఛగా మారే రాశి. రెండూ ఒకేసారి నిజం కావాలని అడిగిన మరుక్షణం ఆ స్వేచ్ఛ పోతుంది. గీతలు (3, 7) దగ్గర కలుస్తాయి, అక్కడ తప్ప మరెక్కడా రెండు వాక్యాలూ కలిసి నిజం కావు. మారే రాశి కాస్తా కనుక్కోవాల్సిన రాశి అయింది. మొదటి లెక్కలో ఉన్న ‘తెలియని సంఖ్య’కూ, నాలుగో లెక్కలో ఉన్న ‘మారే సంఖ్య’కూ చుట్టరికం ఇక్కడ బయటపడుతుంది. 3ఎక్స్ + 5 = 20ని కూడా ఇలాగే చూడవచ్చు: వై = 3ఎక్స్ + 5 అన్న వాలు గీత, వై = 20 అన్న అడ్డగీత కలిసే చోట ఎక్స్ 5. ఇది అర్థమైన రోజు మీ అమ్మాయి ప్రశ్నకు పూర్తి సమాధానం దొరికినట్టే, మీకూ దొరికినట్టే.

పట్టికలోని చుక్కలను కలిపి గీత ఎందుకు గీస్తామని కూడా ఆమె అడగవచ్చు. ఎక్స్‌కు 1.5 వేస్తే వై 4 వస్తుంది, ఆ చుక్క సరిగ్గా ఆ గీత మీదే పడుతుంది. మధ్యలోని భిన్నాలన్నీ అలాగే పడతాయి కాబట్టి కలుపుతాం. ఎక్స్ అన్నది మనుషుల సంఖ్యైతే ఒకటిన్నర మంది ఉండరు కాబట్టి చుక్కలను విడిగానే వదిలేయాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను.

మీ వారు చెప్పిన ‘అటు నుంచి ఇటు వస్తే గుర్తు మారుతుంది’ అన్నది తప్పు కాదు, అర్థమైనవాళ్లకు అది దగ్గరి దారి. పరీక్షలు దగ్గర్లో ఉంటే ఆ పద్ధతిలో సమీకరణాలు వేగంగా చేసి కొన్ని మార్కులు తెచ్చుకోవచ్చు, ఆ మేరకు అమ్మాయికి ధైర్యమూ వస్తుంది. కాని దాని మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 3ఎక్స్ = 15 దగ్గరకు వచ్చేసరికి 3ను అవతలికి పంపి 15 − 3 = 12 అని రాసే పిల్లలు ఎందరో ఉంటారు, ఎందుకంటే వాళ్లకు తెలిసింది అవతలికి పంపడమే, ఎందుకు పంపుతున్నామన్నది తెలియదు. రెండు వైపులా ఒకే పని చేస్తే సమానత్వం చెడదన్నది ఆ సూత్రం వెనక ఉన్న అసలు కారణం: రెండు వైపుల నుంచీ 5 తీసేస్తే 3ఎక్స్ = 15, రెండు వైపులా 3తో భాగిస్తే ఎక్స్ = 5. ఇది తెలిసిన పిల్ల, గుర్తు మార్చడమా, భాగించడమా అన్న సందేహం వచ్చినా తనంతట తాను తేల్చుకుంటుంది. పదసమస్యలకూ, గ్రాఫులకూ ఆ అడ్డదారి అసలు పనికిరాదు. మీ వారిని దూరం పెట్టవలసిన అవసరం నాకు కనబడలేదు. లెక్క చేసే వేగం ఆయన దగ్గర నేర్చుకోనివ్వండి, ఒక్క షరతు మాత్రం పెట్టండి: వచ్చిన జవాబును మొదటి సమీకరణంలో పెట్టి, రెండు వైపులా సమానమైందో లేదో సరిచూసుకున్నాకే తరువాతి లెక్కకు వెళ్లాలి. 12ను 3ఎక్స్ = 15లో పెట్టిచూసిన పిల్లకు 36 ఎదురొస్తుంది, ఎవరూ తప్పు పట్టనవసరం లేదు.

వేరే ఎవరికైనా అప్పగించడం కూడా తప్పేమీ కాదు. మీ ఉద్యోగం, మీ అలసట కూడా లెక్కలోకి వస్తాయి. కాకపోతే, కసిరిన సంఘటన వెంటనే అప్పగిస్తే, తాను ప్రశ్నలు అడిగినందుకే అమ్మ తనను వదిలించుకుందని పదమూడేళ్ల పిల్ల అనుకునే అవకాశం ఉంది. ముందు మీ ఇద్దరి మధ్యా మాటలు కలిశాక, ఆమెను అడిగి ఆ నిర్ణయం తీసుకుంటే మంచిది. ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష మీ చేతిలోనే ఉంది. అదే నోటుపుస్తకం పేజీని ఆ ఉపాధ్యాయులకు చూపించి, ‘ఈ నాలుగు చోట్లా ఎక్స్ అంటే ఏమిటో మా అమ్మాయికి ఎలా చెబుతారు?’ అని అడగండి. మొదటి రెండూ ఒక రకం, మిగతా రెండూ వేరువేరు రకాలని విడదీసి చెప్పేవారైతే నిశ్చింతగా అప్పగించవచ్చు. పై తరగతుల్లో అదే అర్థమవుతుందని దాటవేస్తే, మీ ఇంట్లో జరిగినదే అక్కడా జరుగుతుంది, అదీ డబ్బు ఖర్చుపెట్టి.

మీరే నేర్పడం కొనసాగించాలనుకుంటే అది సాధ్యమే. బీజగణితం తెలియకపోవడం మీ అడ్డంకి కాదు, తెలియదని బయటపడుతుందేమోనన్న కంగారే అడ్డంకి. మీరు శాతాలు, వడ్డీలు చేసే మనిషి. అసలు, రేటు, కాలం అని మూడు రాశులు పెట్టుకుని ఏ ఖాతాకైనా ఒకే సూత్రంతో వడ్డీ కడుతున్నారంటే, ‘ఏ సంఖ్యైనా సరే’ అన్న భావం ఎన్నో ఏళ్లుగా మీ చేతిలోనే ఉంది. అయితే ఈ దారి నెమ్మదిగా సాగుతుంది. కొన్ని వారాల పాటు ఇంటిపని పూర్తికావడానికి ఇప్పటికంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, బడిలో జరుగుతున్న పాఠానికీ మీరు చేయించే పాఠానికీ దూరం పెరగవచ్చు. పరీక్ష మరీ దగ్గర్లో ఉంటే ఇది ఇబ్బందే. అందుకే నా మొగ్గు రెండూ కలిపి చేయడం వైపు ఉంది: పరీక్ష అయ్యేదాకా లెక్కల సాధన మీ వారితో, వారంలో ఒకటి రెండు సాయంత్రాలు ఒకే ఒక్క లెక్కను అర్థం కోసం మీతో. ఆ సాయంత్రాల్లో జవాబు రాయడం కంటే ముందు ఒక వాక్యం రాయించండి: ‘ఈ లెక్కలో ఎక్స్ అంటే ఫలానా సంఖ్య, అది ఒకే సంఖ్య, లేదా ఏ సంఖ్యైనా, లేదా వైతో పాటు మారే సంఖ్య.’ ఆ వాక్యం తప్పు రాసినా దిద్దడానికి తొందరపడకండి, ఒక విలువ పెట్టి చూద్దామని మాత్రం అనండి. ఎక్స్ ముందు మైనస్ ఉంటే అది ఋణసంఖ్యేనని ఆమె అంటే, ఎక్స్‌కు −4 వేయించండి. −ఎక్స్ విలువ 4 అని తనకే తేలుతుంది.

కూతురికి చెప్పాలా అన్న ప్రశ్నకు చెప్పాలనే నా ఉద్దేశం. మీకు జవాబు తెలియలేదన్న సంగతి ఆమెకు ఆ రోజే తెలిసిపోయింది. ఇంకా తెలియనిది, తన ప్రశ్న మంచిదా చెడ్డదా అన్నది. మీరు చెప్పకపోతే, అది అడగకూడని ప్రశ్న అనే ఆమె మనసులో ఉండిపోతుంది, లెక్కల్లోనే కాక మిగతా విషయాల్లో కూడా మీ దగ్గర ప్రశ్నలు తగ్గుతాయి. చెబితే, అప్పుడప్పుడు ‘నీకే తెలియదుగా’ అని ఎదురు అనవచ్చు, ఆ మాట మీకు చివుక్కుమనిపించవచ్చు. దానికి సిద్ధపడే చెప్పండి. పెద్ద క్షమాపణలు అక్కర్లేదు. “ఆ రోజు నువ్వు అడిగింది సరైన ప్రశ్న. నాకు జవాబు తెలియక కోప్పడ్డాను. తరువాత తెలుసుకున్నాను, ఆ నాలుగు లెక్కల్లో ఎక్స్ నాలుగు రకాలుగా లేదు కాని, మూడు రకాలుగా ఉంది. ఏ మూడో నువ్వు కనిపెడతావా?” అంటే చాలు. వెంటనే పుస్తకం తెరవకపోతే ఒత్తిడి చేయకండి. ఎల్, ఎమ్, ఎన్, పిల ప్రశ్నను ఒక కాగితం మీద రాసి ఆమె బల్ల మీద వదిలేయండి. మీ వారిని కూడా విడిగా జవాబు రాయమనండి, ముగ్గురి జవాబులూ కలిపి చూసుకోవచ్చు.

చివరగా ముందున్న ఒక మలుపు గురించి చెబుతాను, ఎందుకంటే ఇదే గొడవ అక్కడ మళ్లీ రావచ్చు. త్వరలోనే పాఠంలో వై = ఎమ్ఎక్స్ + సి వస్తుంది. నాలుగు అక్షరాలు ఒకే వరసలో నిలబడి ఉంటాయి, నాలుగూ ఒకే రకంగా కనబడతాయి. ఎక్స్, వైలు ఒకే గీత మీద చుక్క నుంచి చుక్కకు మారుతుంటాయి. ఎమ్, సిలు ఒక గీత పొడుగునా మారవు, గీతను మారిస్తేనే మారతాయి. ఈ తేడా చెప్పడానికి ముందే చూపించండి. ఎమ్‌ను 2గానే ఉంచి సికి 1, 4, −3 వేసి మూడు గీతలు గీయిస్తే, వాలు మారకుండా గీత పైకీ కిందికీ జరగడం కనబడుతుంది. సిని 1గా ఉంచి ఎమ్‌కు 2, 5, −1 వేసి గీయిస్తే, అన్ని గీతలూ (0, 1) గుండానే వెళుతూ వాలు మాత్రం మార్చుకుంటాయి. ఆరు గీతలకు రెండు గ్రాఫు కాగితాలు, ఒక స్కేలు, ఒక సాయంత్రం చాలు. ఒక్కో గీత పక్కన దాని సమీకరణాన్ని ఆమె చేతే రాయించండి.